ఆయన జీతంలో మన పింఛను ఉందా?

డబ్బాలో కందిపప్పు ఎన్ని రోజులకు సరిపోతుందో, గ్యాస్ సిలిండరు ఎప్పుడు అయిపోతుందో మనకు మూత తియ్యకుండానే తెలుసు. పాలవాడి లెక్క, పిల్లల ఫీజుల లెక్క నోటిమీదే ఉంటాయి. కానీ ఆయన జీతంలోంచి నెలనెలా కోసే పి.ఎఫ్. ఎక్కడికి పోతోంది, అందులో పింఛను ఎంత, రేపు ఆయనకేమైనా అయితే మనకేం వస్తుంది అని ఎవరైనా అడిగితే మాత్రం "అవన్నీ మావారే చూసుకుంటారండీ" అనేస్తాం!

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. అప్పట్లో ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ వయసులో ఉద్యోగాల్లో చేరిన కుర్రాళ్ళు ఇప్పుడు యాభైకి వచ్చారు. రిటైర్మెంటు గురించి ఆలోచించాల్సిన వయసే. పైగా హైటెక్ సిటీ అంటే సాఫ్ట్‌వేరు ఇంజనీర్లే కాదు కదా. ఆ అద్దాల మేడల్ని తుడిచే హౌస్‌కీపింగ్ ఆడవాళ్ళు, గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీవాళ్ళు, క్యాంటీన్లో వంటవాళ్ళు కూడా ఉన్నారు. కొండాపూర్, గచ్చిబౌలి వైపు నలుగురు ఆడవాళ్ళు కూర్చున్నప్పుడు తరచూ వచ్చే ప్రశ్నల్ని, వాటి జవాబుల్ని ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి.

పి.ఎఫ్., పింఛను రెండూ ఒకటేనా?

కాదండీ. జీతంలో బేసిక్, డి.ఎ. కలిపి దాని మీద 12 శాతం ఉద్యోగి దగ్గర కోస్తారు. అదంతా పి.ఎఫ్.లోకే పోతుంది. కంపెనీవాళ్ళు కూడా మరో 12 శాతం వెయ్యాలి. అందులో 8.33 శాతం పింఛను పథకానికి, మిగతా 3.67 శాతం పి.ఎఫ్.కి వెళ్తుంది. ఈ పింఛను పథకం 1995 నవంబరు 16న మొదలైంది. అంతకుముందు 1971 నుంచి కుటుంబ పింఛను పథకం ఉండేది.

జీతం లక్ష ఉన్నా పింఛను లెక్కకు తీసుకునే గరిష్ట జీతాన్ని 2014 సెప్టెంబరు 1 నుంచి 15,000 రూపాయలు చేశారు. అంటే పింఛనుకు జమయ్యేది నెలకు 1,250 రూపాయలు.

పి.ఎఫ్. మన ఇంట్లో నీళ్ళ తొట్టి లాంటిది. మనం పోసింది, దాని మీద వడ్డీ మనదే. పింఛను ఊరుమ్మడి చెరువు. అందరూ పోస్తారు, అర్హత వచ్చినవాళ్ళకి లెక్క ప్రకారం అందుతుంది. పాస్‌బుక్కులో పింఛను సొమ్ముకి వడ్డీ కనబడలేదని కంగారుపడొద్దు, దానికి వడ్డీ వెయ్యరు.

మావారి పాస్‌బుక్కులో పింఛను దగ్గర సున్నా ఉంది, ఎందుకని?

సాఫ్ట్‌వేరు ఇళ్ళల్లో ఇది చాలామందికి ఎదురయ్యే సంగతి. 2014 సెప్టెంబరు 1 తర్వాత మొదటిసారి పి.ఎఫ్.లో చేరి, అప్పటికే బేసిక్ 15,000 దాటి ఉంటే వాళ్ళు పింఛను పథకంలోకి రారు. కంపెనీ వాటా 12 శాతమూ పి.ఎఫ్.లోకే పోతుంది. డబ్బు పోలేదు. కానీ అరవైలో నెలనెలా వచ్చే పింఛను గానీ, ఆయన పోతే భార్యకొచ్చే పింఛను గానీ ఈ పథకం నుంచి రావు. ఈ మాట భార్యకు తెలిసి తీరాలి! అలాంటి ఇళ్ళల్లో టర్మ్ ఇన్సూరెన్సు, ఎన్.పి.ఎస్. వంటివాటి గురించి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడం మంచిది.

మరో సంగతి. కొన్ని పెద్ద కంపెనీలు పి.ఎఫ్. సొమ్మును సొంత ట్రస్టుల్లో ఉంచుతాయి. అలాంటప్పుడు పి.ఎఫ్. లెక్క కంపెనీ దగ్గర అడగాలి. పింఛను వాటా మాత్రం ప్రభుత్వ పి.ఎఫ్. సంస్థకే వెళ్తుంది.

పింఛను ఎంత వస్తుంది?

చివరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్ళతో హెచ్చించి 70తో భాగించాలి. అంతే. 15,000 మీద 10 ఏళ్ళు చేస్తే సుమారు 2,143 రూపాయలు. ఇరవై ఏళ్ళ సర్వీసు పూర్తయి 58కి రిటైరైతే రెండేళ్ళు అదనంగా కలుపుతారు. అంటే 22 ఏళ్ళకు లెక్కవేస్తే సుమారు 4,714 రూపాయలు. కనీస పింఛనును 2014 సెప్టెంబరు నుంచి 1,000 రూపాయలుగా పెట్టారు.

ఇంతేనా అని నిట్టూర్చకండి. సాఫ్ట్‌వేరు జీతం ముందు ఇది చిన్న మొత్తమే. కానీ 12,000 జీతంతో ఆఫీసు తుడిచే ఆమెకు ముసలితనంలో నెలకు రెండువేలంటే మందులకీ బియ్యానికీ ఆసరా.

ఉద్యోగాలు మారితే పదేళ్ళు ఎలా నిండుతాయి?

ఒకే చోట పదేళ్ళు చెయ్యనక్కర్లేదు. అన్ని చోట్ల సర్వీసూ కలిపి పదేళ్ళయితే చాలు. ఆరు నెలలు దాటిన భాగాన్ని ఏడాదిగా తీసుకుంటారు కాబట్టి తొమ్మిదిన్నరేళ్ళున్నా సరిపోతుంది. అందుకే పాత పి.ఎఫ్.ను కొత్త ఉద్యోగానికి మార్చుకోవాలి. 2014లో వచ్చిన యు.ఎ.ఎన్. నంబరు ఇందుకే. కంపెనీ ఎన్నిసార్లు మారినా ఆ నంబరు ఒకటే ఉండాలి.

దెబ్బ తినేది కాంట్రాక్టు పనివాళ్ళే. బిల్డింగు అదే, పని అదే, కాంట్రాక్టరు మాత్రం మారుతుంటాడు. కొత్తవాడు వచ్చినప్పుడల్లా కొత్త నంబరు ఇచ్చేస్తే పాత సర్వీసు విడిగా పడి ఉంటుంది. మారినప్పుడల్లా కొంతమంది పింఛను సొమ్ము కూడా తీసేసుకుంటారు. అలా తీసుకుంటే ఆ ఏళ్ళ సర్వీసు పోయినట్టే! మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే "కొత్త నంబరు వద్దు, నా పాత యు.ఎ.ఎన్.లోనే వెయ్యండి" అని అడగమని చెప్పండి.

పిల్లల కోసం ఉద్యోగం మానేశాను, నా పింఛను సంగతేమిటి?

నాలుగైదేళ్ళు పనిచేసి, బిడ్డ పుట్టాక మానేసినవాళ్ళు మన మధ్య ఎంతమందో! పదేళ్ళు నిండకపోతే రెండు దారులున్నాయి. 10సి ఫారంతో పింఛను సొమ్ము తీసుకోవడం ఒకటి, స్కీం సర్టిఫికెట్ తీసుకోవడం రెండోది. బిడ్డ బడికెళ్ళాక మళ్ళీ ఉద్యోగంలో చేరే ఆలోచన ఉంటే సర్టిఫికెట్టే మేలు, పాత ఏళ్ళు కొత్తవాటికి కలుస్తాయి. ఎలాగూ ఈ సొమ్ము తీసుకోవడానికి ఆగాల్సిన గడువును రెండు నెలల నుంచి 36 నెలలకు పెంచాలని 2025 అక్టోబరులో పి.ఎఫ్. బోర్డు నిర్ణయించింది. పదేళ్ళు నిండితే ఇక సొమ్ము వెనక్కివ్వరు, పింఛనే ఇస్తారు.

యాభై నిండితే ముందే తీసుకోవచ్చా?

ఉద్యోగం మానేసి, పదేళ్ళ సర్వీసు ఉంటే తీసుకోవచ్చు. కానీ 58కి ఎన్నేళ్ళు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున కోత పడుతుంది. ఆ కోత జీవితాంతం ఉంటుంది. ఇల్లు గడవక తప్పనిసరైతే తప్ప తొందరపడకపోవడం మంచిది. 58 దాటాక 60 వరకు ఆగితే ఏడాదికి 4 శాతం పెరుగుతుంది కూడా.

ఆయనకేమైనా అయితే?

ఈ ప్రశ్న అడగడానికే నోరు రాదు. అశుభం అని దాటేస్తాం. కానీ తెలుసుకుని ఉండటంలో అశుభమేమీ లేదు. పథకంలో ఉన్న ఉద్యోగి సర్వీసులో ఉండగా పోతే, ఒక్క నెల చందా జమై ఉన్నా భార్యకు పింఛను వస్తుంది. కనీసం 1,000 రూపాయలు. దానితో పాటు ఒకేసారి ఇద్దరు పిల్లలకు, 25 ఏళ్ళు వచ్చేవరకు, భార్య పింఛనులో పావు వంతు చొప్పున ఇస్తారు. రిటైరయ్యాక పోతే భార్యకు ఆయన పింఛనులో సగం. ఆమె ఉద్యోగం చేస్తున్నా ఇది ఆగదు, మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మాత్రం ఆగుతుంది.

ఇంకోటి చాలామందికి తెలియదు. పి.ఎఫ్.తో పాటే 1976 నుంచి ఒక బీమా పథకం ఉంది. దానికి ఉద్యోగి ఒక్క రూపాయి కట్టక్కర్లేదు, కంపెనీయే కడుతుంది. సర్వీసులో ఉండగా పోతే కుటుంబానికి 7 లక్షల వరకు వస్తుంది. పింఛను పథకంలో లేని సాఫ్ట్‌వేరువాళ్ళకు కూడా ఇది వర్తిస్తుంది. పి.ఎఫ్. కోసం 20వ ఫారం, పింఛనుకు 10డి, బీమాకు 5ఐఎఫ్ ఫారం పెట్టాలి. మూడూ అడగండి, ఒకదానితో ఆగిపోకండి.

నామినీగా అత్తగారి పేరుంది, పర్వాలేదా?

ఉద్యోగంలో చేరేనాటికి పెళ్ళికాని అబ్బాయి అమ్మ పేరు రాస్తాడు, సహజమే. అయితే పెళ్ళి కాగానే పి.ఎఫ్.లో ఆ పాత నామినేషను చెల్లదు. కొత్తది రాయాలి. రాయకుండా వదిలేస్తే రేపు అత్తాకోడళ్ళిద్దరూ కాగితాలు పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరగాలి. దీన్ని పోట్లాటగా చెయ్యకండి. అత్తగారు ఆయన మీదే ఆధారపడి ఉంటే భార్యకెంత, తల్లికెంత అని శాతాలు వేసి రాయొచ్చు. ఆన్‌లైన్లో ఇంట్లో కూర్చునే చెయ్యొచ్చు.

పేర్లు కలవడం లేదంటున్నారు?

మన తెలుగువాళ్ళకిది పెద్ద తలనొప్పి! ఆధార్లో ఇంటిపేరు ముందు, బ్యాంకులో వెనక, కంపెనీలో ఒక్క పొడి అక్షరం. ఆడవాళ్ళకైతే పుట్టింటిపేరు ఒకచోట, అత్తింటిపేరు ఒకచోట. ఉద్యోగంలో ఉండగానే కంపెనీ ద్వారా జాయింట్ డిక్లరేషన్ పెట్టి సరిచేయించుకోవాలి. కంపెనీ మూతపడ్డాక సంతకం పెట్టేవాడి కోసం వెతకడం మహా కష్టం.

ఈ ఆదివారమే చేసుకోండి

* ఆయన యు.ఎ.ఎన్. నంబరు మీ డైరీలో రాసుకోండి.
* పాస్‌బుక్కు తెరిచి పింఛను గడి చూడండి. యు.ఎ.ఎన్.కి జతచేసిన ఫోను నుంచి 9966044425కి మిస్డ్ కాల్ ఇస్తే పి.ఎఫ్. నిల్వ ఎస్.ఎమ్.ఎస్.లో వస్తుంది.
* నామినేషనులో మీ పేరు, పిల్లల పేర్లు ఉన్నాయేమో చూడండి.
* ఇంట్లో పింఛను తీసుకునే పెద్దవాళ్ళుంటే జీవన ప్రమాణ పత్రం ఏడాదికోసారి తప్పకుండా ఇప్పించండి. ఏ నెలలో ఇచ్చినా ఏడాది చెల్లుతుంది.
* ఓ.టి.పి. ఎవరికీ చెప్పకండి, పి.ఎఫ్. ఆఫీసు ఫోనులో అడగదు.
* పని తెమలకపోతే ప్రతి నెలా 27న జిల్లాల్లో పెట్టే 'నిధి ఆప్కే నికట్' శిబిరానికి కాగితాలతో వెళ్ళండి.

మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి భర్త సెక్యూరిటీ గార్డో, ఆమె చెల్లెలు ఆఫీసులో హౌస్‌కీపింగో అయి ఉంటుంది. టీ ఇచ్చేటప్పుడు వాళ్ళ యు.ఎ.ఎన్. గురించి కూడా ఓ మాట అడగండి. మనకి పది నిమిషాల పని, వాళ్ళకి జీవితాంతపు ఆసరా.