చేప ఒకటే... అర్థాలెన్నో!

పోర్చుగల్‌లో క్రిస్మస్‌ ముందురోజు రాత్రి చాలా ఇళ్లలో వండే వంటకం ఒకటే. ఉడికించిన బంగాళాదుంపలూ క్యాబేజీ, పక్కనే ఓ పెద్ద చేపముక్క, పైన ఆలివ్‌ నూనె. ఆ చేప పేరు బకల్యావ్‌. దాన్ని వెయ్యిన్నొక్క రకాలుగా వండొచ్చని గొప్పగా చెప్పుకుంటారు అక్కడివాళ్లు. 'నమ్మకమైన నేస్తం' అని ముద్దుగా పిలుచుకుంటారు కూడా. విచిత్రమేంటంటే... ఆ నేస్తం వాళ్ల తీరంలో దొరకనే దొరకదు!

అది కాడ్‌ చేప. ఉత్తర అట్లాంటిక్‌లోని చల్లటి నీళ్లలో పెరుగుతుంది. కొవ్వు తక్కువ కాబట్టి ఉప్పు పట్టించి ఆరబెడితే నెలల తరబడి నిల్వ ఉంటుంది. క్యాథలిక్కులు మాంసం ముట్టని రోజులు ఒకప్పుడు ఏడాదిలో చాలానే ఉండేవి. దాంతో సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లకి ఈ చేపే దిక్కయింది. మన దగ్గర ఎండబెట్టినదాన్ని ఎండుచేప అని విడిగా చెబుతాం. అక్కడ తిరకాసు. బకల్యావ్‌ అంటేనే ఉప్పుచేప. పచ్చిది కావాలంటే 'తాజా బకల్యావ్‌' అని అడగాలి.

ఇంతకీ ఆ పేరెక్కడిది? స్పెయిన్‌లో దీన్నే బకలావ్‌ అంటారు. 1497లో జాన్‌ కాబట్‌ అట్లాంటిక్‌ దాటి వెళ్లిన ప్రాంతంలో స్థానికులు ఆ చేపను అలాగే పిలిచేవారని 16వ శతాబ్దపు చరిత్రకారుడు పీటర్‌ మార్టిర్‌ రాశాడు. డచ్చివారి 'కబెల్యావ్‌'లోని అక్షరాలు తారుమారై ఇలా అయిందనేది మరో వాదన. మూలం ఏదైనా, పేరు మాత్రం పటాలకెక్కింది. నాటి నావికుల పటాల్లో న్యూఫౌండ్‌ల్యాండ్‌ వైపు నేలను 'బకల్యావ్‌ల దేశం'గా గుర్తించేవారు. అక్కడ బకాల్యూ అనే దీవి ఇప్పటికీ ఉంది.

వంటింట్లోకి వచ్చిన పేరు మాటల్లోకి రాకుండా ఉంటుందా! స్పెయిన్‌లో 'బకలావ్‌ కోసేది ఆయనే' అంటే అక్కడ చక్రం తిప్పేది ఆయనేనని. 'నువ్వెవరో నాకు తెలుసులే బకలావ్‌' అంటే నీ వేషాలు నా దగ్గర సాగవని. పోర్చుగల్‌లో 'బకల్యావ్‌ నొక్కడం' అంటే కరచాలనం చేయడం. ఏదైనా పని 'బకల్యావ్‌ నీళ్లలో ఉండిపోయింది' అంటే... మన భాషలో నీరుగారిపోయిందన్నమాట.

ఆ నీళ్లు నిజంగానే కఠినమైనవి. పోర్చుగల్‌ జాలర్లు ఏటా నెలల తరబడి ఇల్లు విడిచి న్యూఫౌండ్‌ల్యాండ్‌, గ్రీన్‌లాండ్‌ వైపు వెళ్లేవారు. పెద్ద ఓడ దిగి, ఒక్కో పడవలో ఒక్కో మనిషి గాలాలు వేసేవాడు. పొగమంచులో దారితప్పి తిరిగిరానివాళ్లూ ఉన్నారు. 1974తో ఆ ఒంటరి పడవల వేట ముగిసింది. వారికి వైద్యం అందించిన ఆసుపత్రి నౌక 'జిల్‌ ఎయానెష్‌' ఇప్పుడు వియానా దో కాస్తెలో రేవులో మ్యూజియం.

ఆ తర్వాత చేపకే కష్టమొచ్చింది. దేశదేశాల ట్రాలర్లు తోడేయడంతో 1992లో న్యూఫౌండ్‌ల్యాండ్‌ తీరంలో కాడ్‌ వేటను కెనడా నిలిపేసింది. ఆ నిషేధాన్ని అధికారికంగా ఎత్తేసింది 2024లోనే. ఇప్పుడు పోర్చుగల్‌ వంటిళ్లకు చేరే కాడ్‌లో ఎక్కువ భాగం నార్వే, ఐస్‌లాండ్‌ల నుంచి వచ్చేదే.

అయినా పండక్కి ఒకట్రెండు రోజుల ముందే ఆ ఇళ్లలో హడావుడి మొదలవుతుంది. ఉప్పుచేపను నీళ్లలో నానబెట్టి, మళ్లీ మళ్లీ నీళ్లు మార్చాలి. అప్పుడే ఉప్పు వదిలి మెత్తబడుతుంది... పరాయి సముద్రం నుంచి వచ్చిన సొంతింటి చేప!