చందా కడితే చేయూత దొరికేనా?

పది బల్లలున్న హోటల్ యజమాని కమిషన్ తగ్గించమంటే ఫుడ్ డెలివరీ యాప్ వింటుందా? అదే అడుగుతున్నది వందల హోటళ్లయితే? సంఘంలో చేరితే ఒరిగేదేమిటన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

యాప్‌లు ప్రకటించే భారీ రాయితీలతో విసిగిపోయిన వందలాది రెస్టారెంట్లు 2019 ఆగస్టులో ఆ పథకాల నుంచి ‘లాగౌట్’ అయ్యాయి. వాటిని ఒక్కతాటిపై నడిపింది 1982లో ఏర్పడిన నేషనల్ రెస్టారెంట్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. జొమాటో తన ‘గోల్డ్’ పథకం నిబంధనలను సవరించక తప్పలేదు. 2021లో ఆ సంఘమే జొమాటో, స్విగ్గీలపై కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. 2022 ఏప్రిల్‌లో కమిషన్ దర్యాప్తుకు ఆదేశించింది. లాయర్ల ఫీజులు భరించి అంతదూరం వెళ్లడం ఒక్క హోటల్ వల్ల అయ్యే పని కాదు.

అలాగని సంఘం సర్వరోగ నివారిణేమీ కాదు. అందరూ కూడబలుక్కుని ధరలు నిర్ణయిస్తే 2002 నాటి కాంపిటీషన్ చట్టం ఊరుకోదు. పైగా సంఘం చేసే ప్రతి పోరాటం చిన్నవాళ్ల కోసమే కానక్కర్లేదు. సర్వీసు చార్జీ వసూలు హక్కు కోసం రెండు సంఘాలు వేసిన పిటిషన్లను ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో కొట్టివేసి, చెరో లక్ష రూపాయలు కట్టమంది. సర్వీసు చార్జీ ఊసే ఎత్తని టిఫిన్ హోటల్‌కు ఆ కేసు గెలిచినా ఒరిగేది శూన్యం.

అందుకే చందా కట్టే ముందు అడగాల్సింది సంఘంలో ఎందరున్నారని కాదు, అది ఎవరి కోసం పోరాడుతోందని.