చేతిలో ఎక్కం

బడులు తెరిచారు. లెక్కల మేష్టారు మొదటి రోజునే మిమ్మల్ని లేపి, "7 ఎనిమిదులెంత?" అంటే ఏం చేస్తారు? మామిడిపళ్లతోపాటు ఎక్కాలూ అరిగిపోయి ఉంటాయి! భయపడకండి. చేతులు చాచండి.

7లో 5 పోగా 2. ఎడమచేతి వేళ్లు రెండు ముడవండి. 8లో 5 పోగా 3. కుడిచేతివి మూడు ముడవండి. ముడిచినవి అయిదూ అయిదు పదులు, అంటే 50. నిలిచినవి ఒకచేతిని 3, రెండోచేతిని 2. మూడు రెళ్లు 6. మొత్తం 56!

ఈ ఉపాయం 6 మొదలు 10 దాకానే. 4వ ఎక్కం దాకా మాత్రం నోటికి రావాలి సుమా!

ఇప్పుడు 6, 7 పట్టండి. ముడిచినవి 30, నిలిచినవి నాలుగు మూళ్లు 12. ఈ రెండూ కూడాలి. 3 పక్కన 12 రాశారో, 312 అయి క్లాసంతా నవ్వుతుంది.