మడి మడికీ ఓ లెక్క!

2004 డిసెంబరు 26, ఆదివారం. తెల్లవారి ఆరున్నర కావస్తోంది. సుమత్రా దీవి పక్కన, సముద్రం అడుగున నేల చీలడం మొదలైంది. ఆ చీలిక ఒక్కచోట ఆగలేదు. అండమాన్ వైపు పరుగు తీసింది. ఎనిమిది నిమిషాలకు పైగా సాగి, పదమూడొందల కిలోమీటర్లు దాటాక గానీ శాంతించలేదు. అలలు చెన్నై తీరాన్ని తాకడానికి మరో రెండున్నర గంటలు పట్టింది. ఊళ్లు ఖాళీ చేయించడానికి అది తక్కువ సమయమేమీ కాదు. కానీ హెచ్చరించేవారేరీ? 14 దేశాల్లో రెండు లక్షల పాతికవేల మందికి పైగా బలయ్యారు. ఆంధ్ర కోస్తాలోనూ దాదాపు వందమంది ప్రాణాలు పోయాయి.

నేల చీలుతున్న ఆ ఎనిమిది నిమిషాల్లో అడుగున అసలేం జరిగింది? కళ్లారా చూసినవాళ్లు లేరు. మళ్లీ జరిపించి చూడటం కుదరదు... ఒక్క కంప్యూటర్లో తప్ప! 2017లో జర్మనీలోని మ్యూనిక్ శాస్త్రవేత్తలు ఆ పనే చేశారు. భూకంప శాస్త్రవేత్త ఆలిస్-ఆగ్నెస్ గాబ్రియెల్, కంప్యూటర్ నిపుణుడు మైకేల్ బాడర్ బృందాలు కలిసి తీర్చిదిద్దిన ఆ సాఫ్ట్‌వేర్ పేరు సైస్‌సోల్. దాని గుండెకాయ ఓ గణిత పద్ధతి... డిస్‌కంటిన్యువస్ గాలెర్కిన్. పేరు నోరు తిరగదు గానీ, వరి పొలం చూసినవారికి విషయం ఇట్టే తెలిసిపోతుంది.

దుప్పటి కాదు... పొలం!

వంతెన మీద లారీ వెళ్తే ఎంత వంగుతుంది, విమానం రెక్క ఎంత బరువు ఓర్చుకుంటుంది... ఇలాంటి వాటికి సూత్రాలైతే ఉన్నాయి. వస్తువు ఆకారం కాస్త వంకరటింకరగా ఉంటే మాత్రం వాటిని కాగితం మీద సాధించడం అసాధ్యం. అందుకే ఇంజినీర్లు వస్తువును చిన్నచిన్న ముక్కలుగా ఊహించుకుంటారు. ఒక్కో ముక్కలో లెక్క సులువు. అన్నీ కలిపితే మొత్తం తెలుస్తుంది. 1943లో గణితవేత్త రిచర్డ్ కూరాంట్ త్రికోణాలతో ఈ దారి చూపించాడు. 1956లో బోయింగ్ ఇంజినీర్లు, వారితో పనిచేసిన రే క్లఫ్ దీన్ని విమాన రెక్కలకు వాడారు. 1960లో ఆ క్లఫ్ పెట్టిన పేరే ‘ఫైనైట్ ఎలిమెంట్’. ఇక గాలెర్కిన్ అంటారా... రాజకీయాల వల్ల జారు చక్రవర్తి కాలంలో జైలుకెళ్లొచ్చిన రష్యన్ ఇంజినీరు. కడ్డీలు, పలకల లెక్కల కోసం 1915లో ఆయన రాసిన సూత్రమే ఈ పద్ధతులన్నింటికీ పునాది.

పాత పద్ధతిలో ఓ షరతుంది. పక్కపక్క ముక్కలు కలిసే చోట రెండింటి విలువా ఒక్కటే కావాలి. దుప్పటి పరిచినట్టు... ఎక్కడా తెగకూడదు. ఉక్కు దూలం వంగడానికి ఇది చక్కగా సరిపోతుంది. మరి నేల చీలితే? పగులుకు ఇవతలి రాయి ఇటూ అవతలి రాయి అటూ జరిగాయి. మధ్యలో ఉన్నది తేడానే! దుప్పటి లెక్క అలాంటి చోట తప్పటడుగులు వేస్తుంది. తేడాను సాగదీసి నునుపు చేసేస్తుంది, లేదంటే లేని అలలు పుట్టిస్తుంది.

వరి మడుల సంగతి వేరు. ఏ మడిలో నీళ్లు ఆ మడివే. ఈ మడిలో జానెడు ఉంటే పక్కదానిలో బెత్తెడే ఉండొచ్చు. గట్టు దగ్గర రెండు మట్టాలూ కలవాలన్న నిబంధనేమీ లేదు. రైతు చూసుకోవాల్సిందల్లా మడవ గుండా ఎన్ని నీళ్లు ఇటు నుంచి అటు వెళ్లాయన్నదే. ఇక్కడ తగ్గింది అక్కడ పెరగాలి. డిస్‌కంటిన్యువస్ పద్ధతి సరిగ్గా ఇంతే! ముక్కముక్కకీ సొంత లెక్క, సరిహద్దు దగ్గర మాత్రం ఇచ్చిపుచ్చుకోవడం. 1973లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో రీడ్, హిల్ అనే ఇద్దరు దీన్ని న్యూట్రాన్ల ప్రయాణాన్ని లెక్కించడానికి ప్రతిపాదించారు. 1980ల చివర్లో బెర్నార్డో కాక్‌బర్న్, చీ-వాంగ్ షు దానికి గట్టి గణిత పునాది వేయడంతో గాలి, నీరు, ధ్వని... అన్నింటికీ పాకింది.

ఊరకే రాలేదు

గట్టు మీది ప్రతి బిందువుకూ రెండు విలువలు... ఇవతలిదొకటి, అవతలిదొకటి. అంటే కంప్యూటర్‌కు మోత ఎక్కువ. అందుకే వంతెనలూ భవనాల లెక్కల్లో ఇప్పటికీ పాత పద్ధతిదే రాజ్యం. అక్కడ దీన్ని తెచ్చిపెట్టుకోవడం అనవసరం కూడా. కానీ సూపర్ కంప్యూటర్లు వచ్చాక ఈ బరువే వరమైంది. ప్రతి ముక్కా తన ఇరుగుపొరుగుతో తప్ప మాట్లాడదు కాబట్టి వేలాది ప్రాసెసర్లకు పని పంచేయొచ్చు.

సుమత్రా లెక్కకు మ్యూనిక్ బృందం భూమి పొరలను 22 కోట్లకు పైగా ముక్కలు చేసింది. కనుక్కోవాల్సిన విలువలు 11 వేల కోట్ల పైమాటే! అసలు చిక్కు మరోచోట వచ్చింది. ప్రధాన పగులు నుంచి చీలిన పిల్ల పగుళ్ల దగ్గర ముక్కలు మరీ చిన్నవి. ముక్క ఎంత చిన్నదైతే కాలాన్ని అంత సన్నగా తరగాలి. మామూలుగా అయితే ఆ కొద్దిపాటి చిన్న ముక్కల కోసం కోట్లాది పెద్దవి కూడా నత్తనడక నడవాల్సిందే. ఎవరి అడుగు వాళ్లు వేసుకునేలా లెక్కను మార్చారు. ఎనిమిది రోజులు పట్టాల్సిన పని, సూపర్‌మక్ కంప్యూటర్‌లోని 86 వేల కోర్ల మీద దాదాపు 14 గంటల్లో ముగిసింది. ఆ ఏడాది అంతర్జాతీయ సూపర్ కంప్యూటింగ్ సదస్సులో ఉత్తమ పరిశోధన పత్రం ఇదే.

మరుసటి ఏడాదే మరో పరీక్ష ఎదురైంది. 2018 సెప్టెంబరు 28న ఇండొనేసియాలోని పాలూ నగరాన్ని భూకంపం, వెంటనే సునామీ ముంచెత్తాయి. నాలుగువేల మందికి పైగా చనిపోయారు. నిపుణులు అవాక్కయ్యారు. ఎందుకంటే అక్కడ నేల పక్కకు జరిగిందే తప్ప పెద్దగా పైకి లేవలేదు. అలాంటప్పుడు అంత అల ఎలా లేచింది? సముద్రంలో కొండచరియలు జారి ఉంటాయని చాలామంది అనుకున్నారు. 2019లో గాబ్రియెల్ బృందం భూకంపాన్ని సైస్‌సోల్‌తో లెక్కకట్టి, ఆ ఫలితాన్ని అలల నమూనాకు అందించింది. అదీ ఇదే జాతి పద్ధతి. పాలూ అఖాతం అడుగున వచ్చిన కదలిక కూడా సునామీని పుట్టించడానికి చాలునని తేలింది. చరియల పాత్ర లేదని కాదు, అవి లేకుండానూ ప్రమాదం ఉందన్నమాట. పక్కకు జరిగే పగుళ్ల మీదున్న తీర నగరాలన్నింటికీ ఇది ఆందోళన కలిగించే మాటే.

మరి హెచ్చరిక కేంద్రాలు ఈ లెక్కతోనే సైరన్ మోగిస్తాయా? లేదు. అల వచ్చేలోపు 14 గంటలు ఎవరిస్తారు! హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో 2007 అక్టోబరులో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. భూకంపం ఎక్కడ వస్తే ఏ తీరానికి ఎంత అల వస్తుందో అక్కడ ముందే లెక్కించి దాచుకుంటారు. నేల కంపించగానే దానికి దగ్గరగా ఉన్న నమూనాను బయటికి తీస్తారు. తుపాను ఉప్పెనల అంచనాకైతే ఆ సంస్థ ఎడ్‌సర్క్ అనే నమూనాను వాడుతోంది. సముద్రాన్ని త్రికోణాలుగా కోసుకునే ఫైనైట్ ఎలిమెంట్ లెక్కే అది. నడిసంద్రంలో పెద్ద త్రికోణాలు, తీరం దగ్గర పడేకొద్దీ చిన్నవి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసిననాడు ఇలాంటి అంచనా ఏదీ చేతిలో లేదు. ఇప్పుడు తుపాను తీరం దాటకముందే ఏ మండలంలోకి నీరు ఎంతమేర చొచ్చుకొస్తుందో కలెక్టర్ల బల్లమీదికి వస్తోంది.