ఆవు కుమ్మినా ఓ కోడు!
బి.జెడ్.సి. చదివినవారికీ కంప్యూటరు కొలువు

కంప్యూటరు కొలువు కావాలంటే ఇంజనీరింగే చదవాలి, లెక్కలు రానివాడికి అది అందని మానిపండే - పల్లెల్లో నాటుకుపోయిన మాట ఇది. ఇంటర్లో బై.పి.సి., డిగ్రీలో బి.జెడ్.సి. చదివి, మెడిసిన్ సీటు రాక, డి.ఎస్.సి. ప్రకటన కోసం ఏళ్ల తరబడి ఎదురు చూసే పిల్లలు దాదాపు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. కప్ప బొమ్మలు గీసిన చదువు కంప్యూటరు ముందు ఎందుకు పనికొస్తుందని తల్లిదండ్రులే కాదు, పిల్లలూ అనుకుంటారు.

కానీ పనికొస్తుంది. ఆ పని పేరు మెడికల్ కోడింగ్. హైదరాబాదు, చెన్నై నగరాల్లో వేలాదిమందికి ఇదే జీవనాధారం. వీరిలో ఇంజనీర్ల కన్నా జీవశాస్త్రం, ఫార్మసీ, నర్సింగ్ చదివినవారే ఎక్కువ.

ఏమిటీ పని?

అమెరికాలో ఆసుపత్రి ఖర్చు చాలావరకు బీమా కంపెనీలో, ప్రభుత్వ పథకాలో భరిస్తాయి. మన దగ్గర 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో రోగి బదులు ట్రస్టు ఆసుపత్రికి డబ్బు చెల్లించినట్టన్నమాట. డాక్టరు రాసిందంతా చదువుతూ కూర్చుంటే బిల్లులు తెమలవు. అందుకని ప్రతి జబ్బుకూ, గాయానికీ, చికిత్సకూ ఒక గుర్తు పెట్టారు. అదే కోడు.

రక్తపోటుకు ఐ10. ఇతర చిక్కులేవీ లేని రెండో రకం చక్కెర వ్యాధికి ఇ11.9. కుక్క కరిస్తే డబ్ల్యూ54.0తో మొదలవుతుంది. ఆవు కుమ్మినా కోడుంది, అది డబ్ల్యూ55.22తో మొదలవుతుంది. డాక్టరు రాసిన కేసు కాగితాలను కంప్యూటరు తెర మీద చదివి, సరైన కోడు వేయడమే కోడరు పని. ఇక్కడ కూర్చున్న కుర్రాడు వేసిన కోడును బట్టి అక్కడి ఆసుపత్రికి డబ్బు వస్తుంది. తప్పు కోడు వేస్తే బిల్లు తిరిగి వస్తుంది.

జబ్బుల కోడ్లకు మూలం ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితా. దాని పదో కూర్పును అమెరికా తన అవసరాలకు తగ్గట్టు పెంచుకుని 2015 అక్టోబరు 1 నుంచి అమలు చేసింది. అంతకుముందు సుమారు 14 వేలున్న కోడ్లు దాదాపు 70 వేలయ్యాయి. కుడి చేయి విరిగితే ఒక కోడు, ఎడమ చేయి విరిగితే మరొకటి. మొదటిసారి వైద్యానికి వస్తే ఒకటి, కట్టు విప్పించుకోవడానికి వస్తే ఇంకొకటి.

చదివిందే పెట్టుబడి

కోడరు ప్రోగ్రాములు రాయనక్కర్లేదు. శరీరంలో ఏ అవయవం ఎక్కడుంది, ఏం చేస్తుంది, ఏ జబ్బుకు డాక్టర్లు ఏ పేరు వాడతారు - ఇవి తెలియాలి. బి.జెడ్.సి. విద్యార్థికి వీటిలో కొంత ముందే తెలుసు. మిగిలింది కొన్ని నెలల శిక్షణలో నేర్చుకోవచ్చు. ఇంగ్లీషు గడగడా మాట్లాడలేకపోయినా, చదివి అర్థం చేసుకోగలగాలి.

ఈ వృత్తిలో బాగా పేరున్న పరీక్ష సి.పి.సి. అమెరికాలో 1988లో పుట్టిన ఎ.ఎ.పి.సి. సంస్థ దీన్ని నిర్వహిస్తుంది. 4 గంటల్లో 100 ప్రశ్నలు. నూటికి 70 వస్తే పాసు. కోడ్ల పుస్తకాలు ముందు పెట్టుకునే రాయవచ్చు. అయినా తప్పేవారు తప్పుతూనే ఉంటారు. పుస్తకంలో ఎక్కడ వెతకాలో తెలియనివాడికి పుస్తకం ఎదురుగా ఉన్నా లాభం లేదు. అనుభవం లేకుండా పాసైనవారికి సర్టిఫికెట్టు మీద 'అప్రెంటిస్' అన్న గుర్తు ఉంటుంది. పని అనుభవం చూపాక దాన్ని తీసేస్తారు.

తేలికేం కాదు

మొదటి జీతం ఊళ్లో చెప్పుకునే సాఫ్ట్‌వేరు జీతంలా ఉండదు. గది అద్దె, తిండి పోను మిగిలేది తక్కువే. రోజుకు ఇన్ని కేసులన్న లెక్క ఉంటుంది. నూటికి 95 సరిగ్గా ఉండాలంటారు. రోగుల వివరాలు బయటకు పొక్కకూడదని అమెరికాలో 1996లో చట్టం వచ్చింది. అందుకే పనిచేసేచోటికి సెల్‌ఫోను కూడా తీసుకెళ్లనివ్వని కంపెనీలున్నాయి. పైగా ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చి, తేలిక కేసులకు యంత్రమే కోడు సూచిస్తోంది. దాన్ని సరిచూడగల మనిషికే ఇక ముందు గిరాకీ. పైపైన నేర్చుకుని వెళితే నిలదొక్కుకోవడం కష్టం.

పాసుపుస్తకం జాగ్రత్త!

అసలు ప్రమాదం మరోచోట పొంచి ఉంది. 'డబ్బు కట్టు, ఉద్యోగం ఖాయం' అనే దళారులు నగరంలో కాచుకుని ఉంటారు. వారి మాట నమ్మి ఎకరం పొలం తాకట్టు పెడితే, ఉద్యోగం రాకపోగా వడ్డీ పెరుగుతుంది. సరైన కంపెనీ ఏదీ ఉద్యోగమిచ్చేందుకు డబ్బు అడగదు. దొంగ అనుభవ పత్రాలు కొనిచ్చేవారూ ఉన్నారు. కంపెనీలు ఆరా తీసినప్పుడు అవి బయటపడితే వచ్చిన కొలువూ పోతుంది.

శిక్షణ కేంద్రంలో ఫీజు కట్టే ముందు ఒకటి రెండు తరగతులు ఉచితంగా కూర్చోనిమ్మని అడగాలి. అక్కడ చదివి ఉద్యోగంలో చేరినవారితో స్వయంగా మాట్లాడాలి. ఫీజు వాయిదాల్లో కట్టి, ప్రతిసారీ రసీదు తీసుకోవాలి. అసలు సర్టిఫికెట్లు ఎవరి చేతిలోనూ పెట్టకూడదు. ఫోన్లోనో, ఆన్‌లైన్లోనో డబ్బు కట్టించుకుని మోసం చేస్తే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

ఈ సంగతులు పిల్లలకు హైదరాబాదు బస్సు దిగాక గానీ తెలియడం లేదు. డిగ్రీ చివరి ఏడాదిలోనే కళాశాలల్లో అధ్యాపకులు చెబితే, జంతుశాస్త్రం పుస్తకాన్ని పాత కాగితాలవాడికి వేసే ముందు ఆ పిల్లలు మరోసారి ఆలోచిస్తారు.