చిత్రకళల సంతకు సన్నాహము

భద్రాచలము మన్యములో వారపు సంతకు పోవు గృహస్థు రెండు సంగతులు ముందుగా తెలిసికొని బయలుదేరును. తనకు కావలసినదేమి? దాని ధర యెంత? ఈ రెండును తెలియనివాడు నష్టపడక తప్పదు. చింతపండు, జిగురు, ఇప్పపువ్వు మోసికొని వచ్చిన గిరిజనులు తూకమునను ధరయందును మోసపోవుచుండిరి గనుకనే 1956లో గిరిజన సహకార సంస్థ యేర్పడినది.

చిత్రములకును శిల్పములకును కూడ సంతలు కలవు. అచ్చట ధర చీటీ లేకుండ వేలాడు చిత్రములే హెచ్చు. అడిగినచో చెప్పు ధర వేలలో నుండవచ్చును, కోట్లలోను ఉండవచ్చును. అందుచేత కొనువాని పక్షమున నిలిచి మంచిచెడ్డలు చెప్పు వృత్తి యొకటి పుట్టినది. ఆ వృత్తివారిని కళా సలహాదారులందురు. సంత జరుగు వారమునకు వారు ఎట్లు సిద్ధపడుదురో, ఆ పద్ధతి మన ఖమ్మము, భద్రాచలము అడవి అంచుననున్న వారికి ఏల ముఖ్యమో చూతము.

ఆధునిక కాలపు కళా సంతలలో మొదటివి 1967లో జర్మనీలోని కొలోన్ నగరమునను, 1970లో స్విట్జర్లండులోని బాసెల్ నగరమునను ఆరంభమైనవి. మన దేశమున 2008లో ఢిల్లీలో మొదలైన సంత నేడు ఇండియా ఆర్ట్ ఫెయిర్ అను పేర సాధారణముగా ఫిబ్రవరి తొలి దినములలో జరుగుచున్నది. దేశవిదేశముల చిత్రశాలలవారు అచ్చట తలకొక అంగడి వంతున తీసికొని, నాలుగు దినములపాటు సరకును ప్రదర్శింతురు.

సలహాదారుని పని ఆ నాలుగు దినములలో మొదలగునది కాదు. కొన్ని వారములకు ముందే కొనువారితో కూర్చుండి ప్రశ్నలు వేయును. ఎందుకు కొనుచున్నారు? ఇంటి గోడకా, సంగ్రహమునకా? ఆ గోడమీద ఎండ పడునా? ఎంత వెచ్చింపగలరు? ఈ కడపటి ప్రశ్నకు చిత్రపు ధర మాత్రమే సమాధానము కాదు. పన్ను, చట్రము, పెట్టె కట్టుట, రవాణా, భీమా అన్నియు కలిపి లెక్క వేయవలెను.

తరువాత చిత్రశాలలవారు తాము తేనున్న కృతుల పటములు, కొలతలు, ధరలు గల జాబితాలను పంపుదురు. వందలకొలది పటములను వడపోసి పదియో, పదునైదో మిగుల్చుట సలహాదారుని నేర్పు. ఆ చిత్రకారుని కృతులు వెనుక వేలములలో ఎంతకు పోయినవో చూచును. వర్ణములు పెచ్చులూడినవా, వెనుక అతుకులున్నవా అని విచారించును. వీలైనచో చిత్రకారుని పనిశాలకే పోయి కన్నులార చూచును. పిదప అంగళ్ళ పటము ముందు వేసికొని, ఏ గంటకు ఎచ్చట నుండవలెనో నిర్ణయించుకొనును. ఆహూతులకు మాత్రమే ప్రవేశము గల తొలినాడే మంచి కృతులు కొన్ని అమ్ముడుపోవుట కలదు. ఆ తొందరలో తడబడకుండుటకే ఈ శ్రమయంతయు. సంత దినములలో అతడు ముఖ్యముగా చేయునది నచ్చినదానిని రెండవమారు చూచుట, నచ్చనిదానిని వలదని ధైర్యముగా చెప్పుట. కొనువాని యొద్దను అమ్మువాని యొద్దను గూడ ప్రతిఫలము రహస్యముగా పుచ్చుకొనువాడు సలహాదారుడు కాడు, దళారి.

ఇన్నింటికంటె కష్టమైన ప్రశ్న యొకటి కలదు. ఈ వస్తువు ఎవరి చేతినుండి వచ్చినది? అమ్ముటకు వారికి హక్కు కలదా? 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టము ప్రకారము నూరేండ్లు దాటిన శిల్పచిత్రాదులు పురావస్తువులు. వానిని ప్రైవేటు వ్యక్తులు దేశము దాటింపరాదు. రవివర్మ, అమృతా షేర్‌గిల్ మున్నగు కొందరి చిత్రములకును ఈ నిషేధము కలదు. విదేశమందున్న కుమారునకు కానుకగా పంపుదమన్నను వీలులేదు.

చట్టము చెప్పని సంగతులు కూడ కలవు. మన అడవి అంచున కోయవారి యిలవేల్పుల పడిగెలను తీసికొందము. పడిగె యనగా త్రికోణాకారపు గుడ్డ జెండా. దానిపై ఆ గోత్రమువారి పూర్వుల కథ బొమ్మలుగా కుట్టబడి యుండును. వేల్పుల కొలుపు నాడు దానిని వెలికి తీయుదురు. డోలీలు వాద్యములు మ్రోయించుచు, ఆ బొమ్మల కథ గానము చేయుదురు. అనగా ఆ గుడ్డ గోత్రమువారి దేవతయు, చరిత్ర గ్రంథమును కూడ. మణుగూరు ప్రాంతపు డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చినది. సమ్మక్క సారలమ్మల కథను కోయభాషలోను తెలుగులోను పాడగలిగిన ఆ గాయకుడు 2024లో కన్నుమూసిరి. పాడువారు తగ్గుచున్నప్పుడు గుడ్డయు పోయినచో ఆ గోత్రమునకు మిగులునదేమి?

పట్నపు గోడమీద పడిగె అందముగనే యుండును. ఆసుపత్రి ఖర్చుకో, పెండ్లి అప్పునకో ఒక యింటివారు దానిని అమ్మజూపవచ్చును. అది వారి యొక్కరి సొత్తు కాదు, గోత్రమంతటిది. నిజమైన సలహాదారుడు అట్టి వస్తువును, చవుకయైనను, కొనవలదని చెప్పును.

అంతమాత్రమున అడవి కళ సంతకు రాగూడదని కాదు. మధ్యప్రదేశమునందలి పాటన్‌గఢ్ గోండు చిత్రకారుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ తన వేల్పులను కాగితముమీద, కాన్వాసుమీద స్వయముగా చిత్రించెను. 1989లో ఆయన కృతులు ప్యారిసు ప్రదర్శనలో నిలిచినవి. అవి చూపుటకును, అమ్ముటకును ఆయన చేసినవి. కోయ యువకులు నేడు పడిగె బొమ్మలను క్రొత్తగా చిత్రించి యిచ్చినచో, వాని వెనుక వారి పేరు, ఊరు, తేదీ వ్రాయించుకొని, తగిన ధర యిచ్చి కొనుట ఉభయులకును మేలు.

ఢిల్లీ సంతకు మనలో పోవువారు కొందరే. కాని యింటికొక బొమ్మ కొనని కుటుంబము లేదు. కొనుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొందము: చేసినవారెవరు? అమ్ముటకే చేసిరా? అమ్మువారికి హక్కు కలదా? మనమిచ్చు సొమ్ములో చేసినవారికి చేరునదెంత? ఈ ప్రశ్నలు వేయుటకు సలహాదారునికి జీతమీయ నక్కరలేదు.