మాటలు రాని బిడ్డ నొప్పిని కొలవడం ఎలా?



కాలిన గాయాలతో ఆసుపత్రిలో చేరిన బిడ్డకు సాయం కావాలని ఎవరైనా వస్తే మనం రెండు విషయాలు అడుగుతాం. ఒళ్లు ఎంత శాతం కాలింది? ఖర్చు ఎంత అవుతుంది? మూడో ప్రశ్న అడిగేవారు తక్కువ. బిడ్డకు నొప్పి ఎంత ఉంది, దానికి మందు అందుతోందా? ఈ వ్యాసం ఆ మూడో ప్రశ్న గురించి.

చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి గ్రామాల్లో ఇప్పటికీ చాలా ఇళ్లలో వంట నేల మీది కట్టెల పొయ్యి మీదే. స్నానానికి నీళ్లు కాగేదీ అక్కడే. చలికాలంలో ఇంటి ముందు నెగడు వేస్తారు. ఖమ్మం పట్నంలో పొయ్యి గట్టెక్కింది గానీ వేడినీళ్ల బకెట్, ఛాయ్ గ్లాసు, దావత్ ఇంట్లో కిందికి దించిన బిర్యానీ గిన్నె పాకే బిడ్డకు అందేంత దూరంలోనే ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం మన దేశంలో ఏటా 10 లక్షల మందికి పైగా ఒక మోస్తరు లేదా తీవ్రమైన కాలిన గాయాల పాలవుతున్నారు.

పెద్దవాళ్లయితే నొప్పి ఎక్కడో, ఎంతో చెబుతారు. ఏడాదిన్నర బిడ్డ ఏం చెప్పగలదు? 1980ల వరకు చాలామంది వైద్యులు పసికందులకు పెద్దల మాదిరిగా నొప్పి తెలియదని నమ్మేవారు. నవజాత శిశువులకు తగినంత మత్తు ఇవ్వకుండానే ఆపరేషన్లు చేసిన రోజులున్నాయి. ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన భారతీయ వైద్యుడు కన్వల్‌జీత్ ఆనంద్, ఆయన సహచరులు 1987లో ప్రచురించిన పరిశోధనలు ఆ నమ్మకాన్ని దెబ్బతీశాయి. బిడ్డ నొప్పిని కొలవడం ఎలా అన్న ప్రశ్నకు అప్పటినుంచి బలం వచ్చింది.

నేడు ఎక్కువగా వాడే కొలత పేరు ఫ్లాక్. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో తయారై 1997లో వెలువడింది. రెండు నెలల నుంచి ఏడేళ్ల లోపు పిల్లలకు పనికొస్తుంది. దీనికి యంత్రం అక్కర్లేదు. నర్సు బిడ్డను కొన్ని నిమిషాలు గమనించి ఐదు విషయాలకు 0, 1, 2 మార్కులు వేస్తుంది.

ముఖం: మామూలుగా ఉంటే 0, అప్పుడప్పుడు చిట్లిస్తే 1, గడ్డం వణుకుతూ పళ్లు బిగబట్టి ఉంటే 2.
కాళ్లు: వదులుగా ఉంటే 0, కుదురు లేకుండా ఉంటే 1, తన్నుకుంటున్నా ముడుచుకున్నా 2.
కదలిక: నెమ్మదిగా పడుకుంటే 0, అటూ ఇటూ మెలికలు తిరిగితే 1, ఒళ్లు విల్లులా వంగినా బిగుసుకుపోయినా 2.
ఏడుపు: లేకపోతే 0, మూలుగుతుంటే 1, ఆగకుండా ఏడిస్తే 2.
ఓదార్పు: అవసరం లేకపోతే 0, ఎత్తుకుంటే ఊరుకుంటే 1, ఎంత బుజ్జగించినా ఊరుకోకపోతే 2.

మొత్తం పదికి ఎంత వచ్చిందో చూస్తారు. 1 నుంచి 3 వరకు కొద్దిపాటి నొప్పి, 4 నుంచి 6 మధ్యస్థం, 7 గానీ అంతకు మించి గానీ వస్తే తీవ్రం.

మూడేళ్లు నిండి, మాట అర్థమయ్యే పిల్లలకు బొమ్మల కొలత ఉంది. నవ్వే ముఖం నుంచి కన్నీళ్లు కార్చే ముఖం వరకు ఆరు బొమ్మలు చూపి, నీ నొప్పి ఏ బొమ్మలా ఉందని అడుగుతారు. దీన్ని రూపొందించిన డోనా వాంగ్, కోనీ బేకర్ 1980ల మొదట్లో అమెరికాలోని టల్సాలో కాలిన గాయాల వార్డులోనే పనిచేశారు. ఈ బొమ్మను బిడ్డే ఎంచుకోవాలి, ముఖం చూసి పెద్దలు ఎంచకూడదు.

ఈ అంకె వల్ల ఒరిగేదేమిటి? కాలిన బిడ్డకు నొప్పి రెండు రకాలు. పడుకున్నా ఉండే నొప్పి ఒకటి, కట్టు విప్పి గాయం కడిగేటప్పుడు వచ్చే నొప్పి మరొకటి. రెండోది చాలా తీవ్రం. మందు నోటి ద్వారా ఇస్తే పనిచేయడానికి అరగంట నుంచి గంట పడుతుంది. కాబట్టి కట్టు విప్పే ముందే ఇవ్వాలి, అదీ బిడ్డ బరువును బట్టి. కట్టుకు ముందు, కట్టు మారుస్తుండగా, తరువాత మార్కులు రాస్తే ఆ మందు చాలిందో లేదో తెలుస్తుంది. ఇవాళ 8 వచ్చిందంటే రేపటి మందు మారాలి. రాయకపోతే రేపూ అదే కథ. నొప్పికి భయపడ్డ బిడ్డ చెయ్యి చాపదు. చాపకపోతే మానే చర్మం ముడుచుకుపోయి మోచెయ్యి వంగినట్టే ఉండిపోవచ్చు. ఆ కేకలు భరించలేని తల్లికి వైద్యం మధ్యలోనే ఇంటికి పోదామనిపిస్తుంది.

ఈ కొలతకు లోపాలూ ఉన్నాయి. ముఖానికో కాళ్లకో కట్టు ఉంటే సరిగ్గా చూడలేం. భయంతో ఏడ్చినా మార్కులు పెరుగుతాయి. రోజుల తరబడి బాధపడ్డ బిడ్డ అలసి ఏడవడమే మానేయవచ్చు. ఆ మౌనాన్ని ఉపశమనం అనుకోకూడదు. అందుకే తల్లి మాట వినాలి. బిడ్డ ఎప్పుడు ఎలా ఉంటుందో ఆమెకే తెలుసు. ఆమె కోయలో చెప్పినా, ఉర్దూలో చెప్పినా అర్థం చేసుకునేవాళ్లు పక్కన ఉండాలి.

మన ప్రాంతంలో దూరం మరో సమస్య. ఊరి నుంచి భద్రాచలం ఏరియా ఆసుపత్రికి, అక్కడి నుంచి సుమారు 120 కిలోమీటర్ల దూరంలోని ఖమ్మానికి, అవసరమైతే హైదరాబాద్‌కు బిడ్డ చేతులు మారుతుంది. పంపే చీటీ మీద గాయం వివరాలతోపాటు నొప్పి మార్కు, ఇచ్చిన మందు, ఇచ్చిన వేళ రాసి ఉంటే అవతలి డాక్టరు మొదటినుంచి వెతుక్కోనక్కర్లేదు.

కొలిచే కాగితానికి ఖర్చు లేదు. కొలిచాక చేయవలసిన దానికి ఖర్చుంది: నొప్పి మందు, గాయానికి అంటుకోని కట్టు, తల్లి బిడ్డ పక్కనే ఉండటానికి భోజనం, దారి ఖర్చు. ఇకమీదట ఇలాంటి బిడ్డ కోసం ఎవరైనా వస్తే ఈ మాట కూడా అడగండి: నిన్న కట్టు మార్చినప్పుడు నొప్పి ఎంత రాశారు?

ఇంట్లో ఎవరికైనా కాలితే వెంటనే 20 నిమిషాలు చల్లని పారే నీళ్ల కింద ఉంచండి. ఐస్ గానీ, టూత్‌పేస్టు గానీ, సిరా గానీ పెట్టవద్దు. ఆ తరువాత శుభ్రమైన బట్ట కప్పి 108కి ఫోన్ చేయండి.